ఐసు వేళ పాట

నేను స్టేజి మీదికి వస్తే చాలు, ఊరంతటికీ ఆకలేసేది. వెటకారం కాదు, ఉన్నమాటే చెబుతున్నాను. మా నేపుల్స్‌లో అప్పట్లో ఒపేరాలో రెండో నాయిక పాటంటే ఐసు పాట. అంతకుముందే హీరో పాడి, పెద్ద నాయిక పాడి, జనం అరిచి అరిచి గొంతులు ఎండబెట్టుకుని ఉంటారు. వాళ్ళు చల్లబడాలి కదా, అందుకని నన్ను తోలేవాళ్ళు. నేను నోరు తెరవడం, డబ్బున్నవాళ్ళు కూర్చునే బాక్సుల తలుపులు తెరుచుకోవడం ఒకేసారి. ట్రేలు లోపలికి వెళ్ళేవి. నిమ్మకాయ ఐసు, దాల్చినచెక్క ఐసు, మల్లెపూల ఐసు. ఇక చెంచాలు గాజు గిన్నెలకి కొట్టుకుంటూ కిణకిణ, కిణకిణ. నేను విషం తాగి చస్తున్నా కిణకిణే, అన్న శవం మీద పడి ఏడుస్తున్నా కిణకిణే. ఒకసారి కత్తి పట్టుకుని రాజుని శపిస్తుంటే, ముందు బాక్సులో ఒకాయన నాకేసి చూసి చెంచా ఊపి పలకరించాడు. ఆ కత్తి చెక్కది కాబట్టి బతికిపోయాడు.

ఇప్పటి పిల్లలకి ఇదంతా చెబితే నమ్మరు. ఇప్పుడు పాట నడుస్తుంటే ఎవరైనా దగ్గినా పక్కవాళ్ళు కళ్ళెర్రజేస్తున్నారు. అది ఊరికే రాలేదు.

నా పేరు ఎర్సీలియా. నా వెంట ఎప్పుడూ మా అమ్మ కార్మోసినా ఉండేది. పాడే ఆడది తల్లి లేకుండా తిరిగితే జనం నానా మాటలంటారని మాలో ప్రతిదానికీ ఒక తల్లి ఉండేది. కొందరు అద్దెకి తెచ్చుకునేవాళ్ళు. మా అమ్మ మాత్రం సొంతమే, ఆ సంగతి ఆవిడ నోరు విప్పగానే తెలిసిపోయేది. నాటకశాలల గుత్తేదార్లతో పోట్లాడ్డం, నా గొంతుకి పచ్చి గుడ్లు తాగించడం, నా వేషాలు కుట్టడం, నన్ను ఓరగా చూసినవాణ్ణి నిలబెట్టి కడిగెయ్యడం, అన్నీ ఆవిడ పనులే.

మా దగ్గర ఒక తోలుపెట్టె ఉండేది. అందులో నా పాట ఉండేది. నవ్వకండి, అందరికీ ఉండేవి అలాంటివి. మన గొంతుకి బాగా కుదిరిన పాటొకటి పెట్టెలో పెట్టుకుని ఊరూరా తిరగడం, అక్కడ ఆడే ఒపేరా ఏదైనా సరే, కథ ఏదైనా సరే, మన వంతు రాగానే ఆ పాటే పాడేసి వెళ్ళిపోవడం. నాది తుఫానులో చిక్కిన ఓడ పాట. నేను పర్షియా రాకుమారినైనా అదే, కొండమీద గొర్రెలు కాసేదాన్నైనా అదే. గొర్రెల కాపరికి ఓడతో పనేమిటని ఒక్కడు అడగలేదు. పొడుగాటి పాట, బోలెడు గమకాలు, మొదటి సగం మళ్ళీ పాడాలి, రెండోసారి సంగతులు పెంచి పాడాలి, చివర గొంతు ఆకాశానికి ఎగరేసి చరచరా నడిచి వెళ్ళిపోవాలి. అలా వెళ్ళిపోతేనే చప్పట్లు కొట్టాలని జనానికి తెలిసేది. ఆ పాట మాకు అన్నం పెట్టింది, కాదనను. కానీ దాన్ని చెంచాల చప్పుడు లేకుండా నేనొక్కనాడూ వినలేదు.

ఒక ఏడాది చలికాలంలో తుఫరెల్లి మేస్త్రో వచ్చాడు. సంగీతం రాసేవాళ్ళని మేం మేస్త్రో అంటాం. గడ్డం కూడా సరిగా రాని మనిషి, కోటు మోచేతుల దగ్గర అరిగిపోయింది, పైగా ముక్కు మీద కోపం. పాట వచ్చి కథని ఆపెయ్యకూడదంటాడు. కథలో పుట్టిన మనిషి కథలో మాటే పాడాలంటాడు. హీరో అది విని పొడుం పీల్చి, ఈ జబ్బు నెలలో తగ్గిపోతుందన్నాడు. నాకు మాత్రం ఒళ్ళు జలదరించింది. అన్నాళ్ళూ నన్నెవరూ నీ పాత్ర ఏమనుకుంటోందని అడగలేదు.

ఆయన అడిగాడు. కథలో ఒక రాణి ఉంది, యుద్ధం నుంచి తిరిగొచ్చే భర్త కోసం ముస్తాబవుతోంది. నేను ఆవిడ దాసీని. రాజు చచ్చిపోయాడని నాకు తెలుసు, ఆవిడకి తెలియదు. "చెప్పాల్సిన మాట నోట్లో పెట్టుకుని చెప్పలేకపోయిన మనిషిని నువ్వెప్పుడైనా చూశావా?" అన్నాడు మేస్త్రో.

చూశాను. చూసింది చెప్పాను.

మాది సముద్రం ఒడ్డున తొర్రె అనే ఊరు. మా నాన్న పగడాల పడవ మీద పనిచేసేవాడు. నేను చిన్నపిల్లని. ఆ రోజు పడవలు తిరిగొచ్చే రోజు, మా అమ్మ రేవుకి వెళ్ళాలని పొద్దున్నే తల విరబోసుకుని కూర్చుంది. మా మేనత్త రకేలే వచ్చి దువ్వెన అందుకుని, నేను దువ్వుతానులే వదినా అంది. అత్త దువ్వుతూనే ఉంది. పొరుగావిడ వచ్చి సూపు పెట్టి వెళ్ళింది. ఇంకొకావిడ రొట్టె తెచ్చింది. మా నాన్న పడవ ఇక రాదని వీధి వీధంతటికీ తెలుసు, మా అమ్మకి తప్ప. పోయింది అత్తకి సొంత అన్న. అయినా ఆవిడ ఏడవలేదు, చిక్కులున్నాయి వదినా అంటూ దువ్వుతూనే ఉంది.

మేస్త్రో అంతా విని వెళ్ళాడు. వారం తిరక్కుండా పాట పట్టుకొచ్చాడు. గమకం ఒక్కటి లేదు. మొదటి సగం మళ్ళీ పాడేది లేదు. చివర వెళ్ళిపోయేది కూడా లేదు, పాట అయ్యాక దువ్వెన పట్టుకుని అక్కడే నిలబడాలి. మాటలు చూద్దునా, మా వంటింటి మాటలు. తల వంచండి రాణీ, ఇక్కడ చిక్కు పడింది. ఇంకాస్త సూపు తాగండి. గాలి చల్లగా ఉంది, తలుపు మూస్తాను. ఇప్పుడే వెళ్ళకండి, దారంతా బురదగా ఉంది. అంతే. చదివి ఆ కాగితం మీద పడి ఏడ్చాను.

మొదటి గండం పెద్ద నాయిక బ్రిజిదమ్మ, రాణి వేషం ఆవిడదే. వేరేవాళ్ళు పాడుతుంటే స్టేజి మీద నారింజ ఒలుచుకు తినడం, బాక్సుల్లో చుట్టాలని పలకరించడం ఆవిడ అలవాటు. అలాంటిది, రెండో నాయిక పాడుతుంటే కుర్చీలో కదలకుండా కూర్చోమంటే ఊరుకుంటుందా? మేస్త్రోకి కోపమే కాదు, తెలివీ ఉంది. మీ జుట్టు మోకాళ్ళ దాకా ఉంటుందటగా, ఊళ్ళో ఎవరూ నమ్మడం లేదు, విరబోసి చూపిద్దామా అన్నాడు. ఆవిడ వెంటనే కూర్చుంది.

రెండో గండం ఇంట్లోనే ఉందని నేననుకోలేదు. రిహార్సలుకి మా అమ్మ కుట్టుపని ఒళ్ళో పెట్టుకుని కింద బెంచీ మీద కూర్చుంది. నేను బ్రిజిదమ్మ వెనక నిలబడి దువ్వెన అందుకున్నాను. నాలుగు మాటలు పాడానో లేదో, మా అమ్మ బట్టలు చుట్టబెట్టుకుని లేచి వెళ్ళిపోయింది. ఇంటికి వెళ్ళేసరికి పొయ్యి వెలిగించలేదు. ముడుచుకుని కిటికీ దగ్గర కూర్చుంది.

ఓడ పాటని వదిలేసినందుకు కోపమేమో అనుకుని నేను సముదాయించబోయాను. అప్పుడు నాకేసి తిరిగింది.

"ఆ రోజు నాదే. నీది కాదు, ఆ గడ్డం రాని వెధవదీ కాదు. దాన్ని తీసుకెళ్ళి ఐసు గిన్నెల మధ్య పెడతావా? నా తల దువ్వుతుంటే వాళ్ళు చెంచాలు నాకుతూ చూస్తారా?"

"తినరమ్మా. నేను తిననివ్వను."

"ఇన్నేళ్ళుగా ఆపలేనిదానివి, ఇప్పుడేం ఆపుతావే?"

 ఆ మాట నాకు ముల్లులా దిగింది. అమ్మ అన్నది నిజమే, ఆ పాట పాడి, కింద కిణకిణ వినిపిస్తే, మా నాన్నని రెండోసారి ముంచినట్టే. పాడకుండా ఊరుకోవచ్చు. ఊరుకుంటే, మా అత్త పడ్డ ఆ బాధ ఎవరికీ తెలియకుండా పోతుంది, నేను ముసలిదాన్నయ్యేదాకా ఓడ నడుపుకుంటూ ఉంటాను. రాత్రంతా ఆలోచించి తేల్చుకున్నాను, పాడతాను, వాళ్ళు చెంచాలు కింద పెడతారు. ఎలాగో అప్పటికి తెలియదు.

మా అమ్మా ఊరుకునే రకం కాదు. నేను ఆవిడ కూతుర్నే కదా, మొండితనం ఎక్కణ్ణుంచి వచ్చిందనుకున్నారు. మర్నాడే నాటకశాల గుత్తేదారు లిబోరియోగారి దగ్గరికి వెళ్ళి, నా కూతురు ఓడ పాటే పాడుతుంది, అదే పెట్టండి అని కూర్చుంది. ఆయనకి అంతకంటే కావలసిందేముంది. ఐసు అమ్మే హక్కు వేలంలో పాడుకున్న కాంట్రాక్టరు అప్పటికే ఆయన్ని పీక్కుతింటున్నాడు, కొత్త పాట మరీ పొట్టిగా ఉందని. లిబోరియోగారు నన్ను పిలిపించి, మంచి మనిషే పాపం, బుజ్జగించినట్టే చెప్పాడు.

"అమ్మాయీ, నీ పాట అయిపోయేసరికి ట్రేలు రెండో అంతస్తు కూడా ఎక్కవు. ఓడ పాట పాడు. కాదంటే ఇక ఈ ఊళ్ళో నీకు వేషం ఉండదు."

ఫిడేళ్ళవాళ్ళ ముందు ఓడ పాట కాగితాలు పెట్టించాడు. మేస్త్రో ఆ సంగతి తెలిసి, ఇక నేను ఆ గుమ్మం తొక్కను, కూర్చుంటే ఒట్టు అని గెంతాడు. కొత్త ఒపేరాకి మొదటి రాత్రులు రాసినవాడే హార్ప్సికార్డు అనే మీటల వాయిద్యం ముందు కూర్చుని నడిపించాలి, అది మా ఆచారం. నేను ఆయన చెయ్యి పట్టుకుని, మీరు అలిగితే ఆ కుర్చీలో ఇంకొకణ్ణి కూర్చోబెడతారు, అప్పుడు నాకు దిక్కెవరు, వచ్చి కూర్చోండి చాలు అన్నాను. ఏం చేస్తావని అడిగాడు. మీరు నా చేతులకేసి చూస్తూ ఉండండి అన్నాను.

మొదటి రాత్రి నాటకశాల కిక్కిరిసిపోయింది. వేషం గదిలో మా అమ్మ నా నడుముకి పట్టీ బిగించింది. ఆవిడ గెలిచాననుకుంటోంది, అయినా మొహంలో ఆ సంతోషం లేదు. నేను చెయ్యబోయేది ఆవిడకి చెప్పలేదు.

బ్రిజిదమ్మ కుర్చీలో కూర్చుని జుట్టు విరబోసుకుంది. నేలవాళ్ళు ఆహా అన్నారు. నేను వెనక నిలబడి దువ్వెన పెట్టాను. ఫిడేళ్ళు తుఫాను ఎత్తుకున్నాయి. ఆ చప్పుడు వినగానే బాక్సుల తలుపులు తెరుచుకున్నాయి, ట్రేలు, గిన్నెలు, చెంచాలు, అంతా మామూలే. ఎత్తుగడ అయిపోయింది. నేను అందుకోవాలి. నేను దువ్వుతున్నాను.

ఫిడేళ్ళ పెద్ద నాకేసి చూశాడు. మర్చిపోయిందేమో పాపం అనుకుని ఎత్తుగడ మళ్ళీ వాయించాడు. నేను దువ్వుతూనే ఉన్నాను. ఓడ పాట ఆ ఊళ్ళో ప్రతివాడికీ నోటికి వచ్చు, నా గొంతు ఎక్కడ లేవాలో వాళ్ళకి తెలుసు. అక్కడ లేవలేదు. నేలలో ఒకడు, ఓడ మునిగిందా అమ్మాయీ అని కేకేశాడు. జనం గొల్లున నవ్వారు. పక్కతెర చాటునుంచి లిబోరియోగారు పాడు, పాడు అని బుసకొడుతున్నాడు. ఆయన పక్కనే మా అమ్మ ఉంది, నేను చూడలేదు. చూస్తే ఓడ పాట ఎత్తుకుంటానని నాకు తెలుసు.  చెయ్యి మాత్రం ఆపలేదు.

మూడోసారి ఫిడేళ్ళు సగంలోనే నీరుగారి ఆగిపోయాయి. ఇక ఏ చప్పుడూ లేదు, చెంచాలు తప్ప. చప్పుడు లేని చోట చెంచా మోగితే తిన్నవాడికే సిగ్గేస్తుంది. అక్కడొకటి ఆగింది, ఇక్కడొకటి ఆగింది. ఏమైంది దీనికి, ఎందుకు పాడదు అని ఒక్కొక్క తలా ఇటు తిరిగింది. నేను పాడలేకపోతున్నానని వాళ్ళనుకుంటున్నారు. చెప్పలేకపోతున్నానని కొందరికి తోచింది. ఎందుకంటే నా ముందు కూర్చున్నావిడ ముస్తాబవుతోంది, ఆవిడ భర్త పోయాడని నాకు తెలుసని అంతకుముందు సీనులో అందరూ చూశారు. చూసి మర్చిపోయారు. ఇప్పుడు గుర్తొచ్చింది.

అప్పుడు మొదలుపెట్టాను. తల వంచండి రాణీ, ఇక్కడ చిక్కు పడింది.

వాయిద్యం లేదు. నా గొంతు అంత చిన్నగా ఆ నాటకశాలలో ఎప్పుడూ వినపడలేదు. రెండో మాటకి మేస్త్రో కింద నుంచి ఒక్క స్వరం ఆసరాగా పెట్టాడు. మూడో మాటకి ఇంకొకటి. ఆయన నిజంగానే నా చేతులకేసి చూస్తున్నాడు, దువ్వెన దిగినప్పుడల్లా ఒకటి. సూపు తాగమన్నాను. తలుపు మూస్తానన్నాను. ఇప్పుడే వెళ్ళకండి, దారంతా బురదగా ఉంది. మా అత్త గొంతే వచ్చింది నాకు. అంతవరకూ ఆ గొంతు నాలో ఉందని కూడా తెలియదు.

పాట అయిపోయింది. వెళ్ళిపోలేదు. అలాగే నిలబడ్డాను.

బ్రిజిదమ్మ ఇప్పుడు లేచి, రేవులో గంట మోగిందని పొడుగ్గా పాడాలి. ఆవిడ నావైపు తిరిగి నా మొహం చూసింది. పాడలేదు. "ఆయన రాలేదా?" అంది, మామూలు మనిషి ఇంట్లో అడిగినట్టు. నేను దువ్వెన దించాను. అంతమంది జనంలో ఒక్కరు చప్పట్లు కొట్టలేదు, ఒక్క చెంచా చప్పుడు లేదు. తెర దిగేదాకా అలాగే ఉంది.

లోపలికి రాగానే లిబోరియోగారు ఎదురొచ్చాడు, ఉతికి ఆరేద్దామని. నీ మూలంగా చప్పట్లు కూడా లేవు, రేపట్నుంచి నీ మొహం నాకు చూపించకు అని మొదలుపెట్టాడు. అంతలో ఐసు కాంట్రాక్టరు ట్రే పట్టుకుని వగరుస్తూ వచ్చాడు. ట్రే నిండా గిన్నెలు, గిన్నెల నిండా కరిగిపోయిన పచ్చటి నీళ్ళు. ఒక్కరూ ముట్టలేదయ్యా, బాక్సులన్నిట్లోంచీ ఇలాగే వెనక్కి వచ్చాయి, నేనేమైపోవాలి అని లబోదిబోమన్నాడు. లిబోరియోగారు ఒక గిన్నె ఎత్తి చూశాడు. నాటకశాలల్లో తల నెరిసిన మనిషి, జనం ఐసు మర్చిపోయి విన్నారంటే ఏమిటో ఆయనకి విడమరిచి చెప్పక్కర్లేదు.

"రేపేం పాడతావు?" అన్నాడు చివరికి.

"ఇదే."

"మరి ఐసు?"

"హీరో పాడేటప్పుడు పెట్టుకోండి."

కాంట్రాక్టరు ట్రే దించి నెత్తి పట్టుకున్నాడు. నేను మా అమ్మ కోసం వెతికాను. పక్కతెర దగ్గర లేదు. వీధిలోకి వెళ్ళిపోయిందేమో అనుకున్నాను. ఐసు ఆపాను, మాట నిలబెట్టుకున్నాను, అయినా మా అమ్మ మొహం చూడాలంటే నాకు ధైర్యం చాలలేదు.

వేషం గదిలో ఉంది. తలగుడ్డ తీసేసింది. ఆవిడ జుట్టు విరబోసుకోవడం నేను తొర్రె వదిలాక మళ్ళీ చూడలేదు. అప్పటికే చాలావరకు నెరిసిపోయింది. అద్దంలో నన్ను చూసింది. చెంప పగలగొడుతుందనుకుని గుమ్మంలోనే ఆగిపోయాను.

"మీ అత్త అంత తొందరగా దువ్వలేదు" అంది.

నేను లోపలికి అడుగు పెట్టాను.

"రొట్టె వచ్చినప్పుడే నాకు తెలిసిపోయింది. మనిషి పోయిన ఇంటికి కాక రొట్టె ఇంకెవరింటికి తెస్తారు? తెలిశాక కూడా అది దువ్వుతూనే ఉంది. నాకు తెలిసిందని దానికి తెలిస్తే అది ఏడుస్తుందని, నేనూ కదలకుండా కూర్చున్నాను." దువ్వెన తీసి నా చేతిలో పెట్టింది. "రేపు ఇంకా నెమ్మదిగా దువ్వాలి. ఇలా రా, చూపిస్తాను."